హవాయి పేరున్న జీవి లక్షద్వీప్ సీసాలో ఎందుకుంది?

అడిగిన అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. లక్షద్వీప్ లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ చుట్టుకున్న లోతు తక్కువ నీటిలో, నాచు దులిపి పట్టిన చిన్న చిన్న క్రస్టేషియన్ల (రొయ్య, పీతల బంధువుల) సీసాలు పద్నాలుగు గైడ్ ఆమె చేతికిచ్చారట. కీ, అంటే లక్షణాలు ఒక్కొక్కటే చూస్తూ జాతిని గుర్తుపట్టే పట్టిక, ముందు పెట్టుకుని చూస్తే ఒకటి పార్హయేల్ హవాయెన్సిస్ అని తేలింది, ఇంకొకటి కాప్రెల్లా స్కౌరాలా ఉంది. ఆమె సందేహాలు మూడు. పుస్తకానికో వర్గీకరణ ఉంది, ఏది నమ్మాలి? నీటిలో తేలే డింభక (లార్వా) దశే లేని ఈ జీవులు నడిసముద్రంలో ఉన్న దీవులకు ఎలా చేరాయి? థీసిస్‌లో 'ఫస్ట్ రికార్డ్' అనో, 'ఈ దీవికే సొంతమైన జాతి' అనో రాసుకోవచ్చా?

మూడోదానికి ముందే జవాబు చెప్పేస్తానమ్మా: ఇప్పుడే రాయకండి. ఎందుకో చెప్పాలంటే మొదటి రెండూ విప్పాలి.

'హవాయి జీవి ఇక్కడికెలా వచ్చింది' అని మీరు ఆశ్చర్యపోయారు చూడండి, మెలిక అక్కడే ఉంది. ఆ జీవికి 1853లో పేరు పెట్టినవాడు జేమ్స్ డ్వైట్ డేనా. 1838 నుంచి 1842 దాకా పసిఫిక్ అంతా తిరిగిన అమెరికన్ అన్వేషణ నౌకాయాత్రలో ఆయన కూడా ఉన్నాడు. ఆ ఓడలు హవాయిలో ఆగాయి, ఈ జీవి అక్కడ సీసాలో పడింది, ఆ పేరు తగులుకుంది. అంతే. ఇవాళ అదే పేరుతో ఉష్ణమండల తీరాలు చాలావాటి నుంచి రికార్డులున్నాయి. మన ఇంటిపేర్లూ ఇంతే కదా. తాడేపల్లివారు మా పైవాటాలోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. ఇంటిపేరు చూసి మనిషి ఊరు చెప్పలేం. జాతి పేరు చూసి దాని పుట్టిల్లూ చెప్పలేం.

మీ రెండో జీవిదీ ఇదే కథ. కాప్రెల్లా స్కౌరాను టెంపుల్టన్ 1836లో మారిషస్ నుంచి వర్ణించాడు. ఆ తర్వాత అది ఓడల అడుగున అతుక్కుని ఎక్కడెక్కడికో పోయింది. 1990ల్లో మధ్యధరా సముద్రంలో, వెనిస్ దగ్గర కూడా కనబడింది. మొదట మారిషస్‌లో దొరికింది కాబట్టి మారిషస్‌దే అనుకుంటే, ఆ దీవికి అది ఓడలోనే వచ్చిందేమో అన్న ప్రశ్న అడగడం మరిచిపోయినట్టే. మొదటి నమూనా దొరికిన చోటు ఒకటి, జాతి పుట్టిన చోటు ఒకటి. ఈ తేడా మనసులో లేకుండా మ్యాప్ మీద చుక్కలు పెట్టడం మొదలుపెడితే, ఆ మ్యాప్ ఓడల దారులకు మ్యాప్ అవుతుంది.

ఇక వర్గీకరణ. డిగ్రీ పుస్తకంలో మీ రెండు జీవులూ చేరే ఆంఫిపొడా అనే క్రమాన్ని నాలుగు ఉపక్రమాలుగా చదివి ఉంటారు: గామరిడియా, కాప్రెల్లిడియా, హైపెరిడియా, ఇంగోల్ఫియెల్లిడియా. చాలా యూనివర్సిటీ నోట్సులు ఇంకా అక్కడే ఉన్నాయి. అందులో గామరిడియా అనేది నిజానికి ఒక గంపలాంటిది. మిగతా మూడింటిలో ఇమడనివన్నీ దాంట్లో వేశారు. లౌరీ, మయర్స్ అనే ఇద్దరు 2013లో సెంటికాడేటా అనే కొత్త ఉపక్రమం పెట్టి ఆ గంపను విప్పారు. 2017లో మొత్తం ఆంఫిపొడాను ఆరు ఉపక్రమాలుగా సర్ది, ఇంగోల్ఫియెల్లిడ్‌లను బయటికి తీసి వేరే క్రమంగా నిలబెట్టారు. మీ పార్హయేల్, మీ కాప్రెల్లా ఇప్పుడు రెండూ సెంటికాడేటాలోనే ఉంటాయి. పుల్లలా సన్నగా ఉండి, గొంగళిపురుగులా వంగి నడిచే కాప్రెల్లిడ్‌లకు ఇక సొంత ఉపక్రమం లేదు. మొదట్లో నాకూ మింగుడు పడలేదు. కానీ వాటి నోటి భాగాలు, కాళ్ల అమరిక పక్కపక్కన పెట్టి చూశాక ఒప్పుకున్నాను. దీనితో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు, జన్యు ఆధారాలు వస్తున్నకొద్దీ ఇది మళ్లీ కదులుతుంది. మీరు మాత్రం థీసిస్‌లో ఏ పద్ధతి పాటించారో ఒక వాక్యంలో రాసి, చివరిదాకా దానికే కట్టుబడి ఉండండి. సగం పాతది, సగం కొత్తది కలిపితే వైవాలో దొరికిపోతారు.

పేరు పక్కన బ్రాకెట్లు ఎందుకని అడగలేదు గానీ చెబుతాను, చాలామంది తప్పు రాస్తారు. పార్హయేల్ హవాయెన్సిస్ తర్వాత 'డేనా, 1853' అన్నది బ్రాకెట్లలో ఉండాలి. డేనా పెట్టినప్పుడు అది ఈ ప్రజాతిలో (జీనస్‌లో) లేదు. పార్హయేల్ అనే ప్రజాతినే స్టెబ్బింగ్ 1897లో ఏర్పరిచాడు. జాతిని ఒక ప్రజాతి నుంచి ఇంకోదానికి మారిస్తే మొదట వర్ణించినవాడి పేరు బ్రాకెట్లలోకి వెళ్తుంది. కాప్రెల్లా స్కౌరా మొదటి నుంచీ కాప్రెల్లాలోనే ఉంది కాబట్టి 'టెంపుల్టన్, 1836'కి బ్రాకెట్లు అక్కర్లేదు. చిన్న విషయమే. కానీ పరీక్షకుడు ముందు చూసేది అదే.

సీసాల్లో ఇంకా ఏమేం ఉంటాయో నాకు అంచనా ఉంది. పక్కల నుంచి నొక్కినట్టుండి, పడుకోబెడితే ఒక పక్కకు ఒరిగేవి ఆంఫిపాడ్‌లు. పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉన్నవి ఐసోపాడ్‌లు. సన్నగా గొట్టంలా ఉండి, ముందు కాళ్లకు పీతకున్నట్టు పట్టుకారు ఉంటే టనాయిడ్‌లు. ముందు బొద్దుగా, వెనక సన్నటి తోకతో కామా గుర్తులా ఉంటే క్యుమేషియన్లు. రెండు చిప్పల మధ్య మూసుకుని గింజలా కనబడేవి ఆస్ట్రకాడ్‌లు. నాచు దులిపినప్పుడు కింద మిగిలే మడ్డిలో, అర మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయేవాటిలో, హార్పాక్టికాయిడ్ కోపెపాడ్‌లు బోలెడు ఉంటాయి. వాటికి 63 మైక్రాన్ల జల్లెడ కావాలి. మీ గైడ్ అర మిల్లీమీటరుదే వాడి ఉంటే 'కోపెపాడ్‌లు తక్కువ' అని రాయకండి, తప్పు జల్లెడది.

మీ పార్హయేల్ నిజంగా పార్హయేలేనా అన్నది ఇలా చూడండి. తోక చివర కాళ్లలా ఉండే యూరోపాడ్‌లలో మూడోదాన్ని విప్పి గ్లిజరిన్‌లో పెట్టండి. దీని దగ్గరి ప్రజాతి హయేల్‌కు అక్కడ ఒకే కొమ్మ ఉంటుంది. పార్హయేల్‌కు లోపలి వైపు మొటిమంత చిన్న రెండో కొమ్మ కూడా ఉంటుంది. అది సరిగ్గా కనబడాలంటే సూక్ష్మదర్శినిలో ఓపిగ్గా వెతకాలి. ఇక ఈ కుటుంబానికి రాసిన కీలు చాలావరకు పెద్ద మగవాటిని చూసి రాసినవి. మగదానికి రెండో నాథోపాడ్, అంటే ఆహారం పట్టుకునే రెండో జత కాలు, బాక్సింగ్ గ్లవ్‌లా ఉబ్బి ఉంటుంది. ఆడదానికి, పిల్లలకు అది చిన్నది. పిల్లను పట్టుకుని కీలో నడిస్తే కొత్త జాతి దొరికినంత ఆనందం కలుగుతుంది. నేనూ ఆ ఆనందం అనుభవించాను, రెండు వారాలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆంఫిపాడ్, ఐసోపాడ్, టనాయిడ్, క్యుమేషియన్ అన్నీ పెరాకారిడా అనే గుంపులోవి. తల్లి పొట్ట కింద సంచి ఉంటుంది, గుడ్లు అందులోనే పొదుగుతాయి, పిల్లలు తల్లి రూపంలోనే బయటికొస్తాయి. నీటిలో కొట్టుకుపోయే డింభకం ఉండదు. రొయ్యలకు, పీతలకు, చాలా కోపెపాడ్‌లకు డింభక దశలున్నాయి. అవి ప్రవాహంలో వారాల తరబడి తేలగలవు. కాబట్టి లెక్క ప్రకారం దూరపు దీవుల్లో డింభకాలున్నవే ఎక్కువ ఉండాలి, సంచి ఉన్నవి తక్కువ ఉండాలి. దీవుల్లో పని చేసినవాళ్లకు చాలాసార్లు దీనికి తలకిందులుగా కనబడింది.

ఇందులో పేరు పడిన ఉదాహరణ క్రస్టేషియన్ కాదు, ఒక నత్త. ఉత్తర అట్లాంటిక్‌లో రాకాల్ అని ఒంటరిగా ఒక రాయి ఉంది. అక్కడ పిల్లల్ని కడుపులోనే పెంచే లిటొరైనా సాక్సాటిలిస్ అనే నత్త ఉంది. తేలే డింభకాలున్న లిటొరైనా లిట్టోరియా మాత్రం లేదు. 1988లో జొహానెసన్ దీన్ని 'రాకాల్ విరోధాభాస' అన్నారు. ఆలోచిస్తే విరోధం ఏమీ లేదు. డింభకాలు వేల సంఖ్యలో వచ్చినా సముద్రమంతా చెదిరిపోతాయి. చిన్న రాయి మీద దిగిన ఒకటీ అరకు జత దొరకదు. దొరికినా వాటి పిల్లలు మళ్లీ నీటిలో కొట్టుకుపోతాయి, దీవి ఖాళీ అవుతుంది. సంచి నిండా గుడ్లున్న ఒక ఆంఫిపాడ్ దిగితే, పిల్లలు అక్కడే నాచులో ఉంటాయి, పెరుగుతాయి, వాటిలో అవే జత కడతాయి. దిగడం కష్టం, నిలబడడం సులువు. డింభకాలకు దిగడం సులువు, నిలబడడం కష్టం.

మరి ఆ ఒక్కటీ ఎలా దిగింది? తెప్ప మీద. తుపానుకు ఊడిపోయిన నాచు, మాను దుంగ, కొబ్బరి మట్ట, ఇప్పుడైతే థర్మోకోల్ ముక్క. నాచు మీద ప్రయాణించే ఆంఫిపాడ్‌కు ఇల్లూ అదే, భోజనమూ అదే. దారిలోనే ఒకటి రెండు తరాలు పుట్టగలవు. దక్షిణ మహాసముద్రంలో డుర్విల్లియా అనే పెద్ద కెల్ప్ (భారీ సముద్రపు నాచు) మొదళ్లలో ఉండే ఒక లిమ్నోరియా ఐసోపాడ్, ఒక పరావాల్డెకియా ఆంఫిపాడ్ మీద 2010లో జన్యు అధ్యయనం వచ్చింది. అంటార్కిటికా చుట్టూ వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉపఅంటార్కిటిక్ దీవుల జీవులు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలని తేలింది. ఈ రెండూ సొంతంగా ఈది అంత దూరం పోయేవి కావు. కెల్పే మోసుకెళ్లింది. 2011 జపాన్ సునామీ తర్వాత సముద్రంలో కొట్టుకుపోయిన పడవలు, రేవు దిమ్మెలు ఉత్తర అమెరికా తీరానికీ హవాయికీ చేరాయి. వాటి మీద బతికి వచ్చిన జపాన్ జాతులు 289 అని 2017లో లెక్క తేల్చారు. వాటిలో ఆంఫిపాడ్‌లూ ఐసోపాడ్‌లూ ఉన్నాయి.

మన సముద్రానికి ఇంకో సౌకర్యం ఉంది. అట్లాంటిక్, పసిఫిక్‌లలో పెద్ద ప్రవాహాలు ఏడాది పొడవునా దాదాపు ఒకే వైపు తిరుగుతాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో రుతుపవనాలతో పాటు ప్రవాహమే తిరగబడుతుంది. వేసవి రుతుపవనంలో నీరు అరేబియా సముద్రం నుంచి శ్రీలంక కిందుగా బంగాళాఖాతం వైపు వస్తుంది. చలికాలంలో అటు నుంచి ఇటు, పడమరకు పోతుంది. అంటే తెప్పలకు రానూ పోనూ దారి ఉంది. అందుకే మీ సీసాల్లో చెన్నై రాళ్ల మీద ఉన్నవే దొరికితే ఆశ్చర్యపడక్కర్లేదు.

ఇది సహజంగా జరిగేది. ఓడలు దాని మీద ఇంకో పొర వేశాయి. స్ఫీరోమా వాకెరై అనే ఐసోపాడ్‌ను స్టెబ్బింగ్ 1905లో సిలోన్ ముత్యపు చిప్పల రేవుల నుంచి వర్ణించాడు. అది ఓడలకు పట్టుకుని కాలిఫోర్నియాలోని శాన్‌డియేగో దాకా పోయింది. కాబట్టి మీ సీసా నాచు జెట్టీ పక్కనుంచి తీసిందా, జనం లేని దిబ్బ దగ్గర తీసిందా అన్నది గైడ్‌ను తప్పక అడగండి. జెట్టీ పక్కదైతే ఆ జీవి పడవ దిగి వచ్చి ఉండొచ్చు.

అయితే దీవులకు సొంత జాతులు ఉండవా అంటే, ఉంటాయి. హవాయి రేవు రాళ్ల మీద బొద్దింకల్లా పరిగెత్తే లిజియా అనే ఐసోపాడ్‌లున్నాయి. చెన్నై రేవు గోడల మీద మీరు చూసేవీ ఆ ప్రజాతివే. హవాయిలో ఉన్నదంతా లిజియా హవాయెన్సిస్ ఒకటేనని ఎన్నో ఏళ్లు అనుకున్నారు. డీఎన్ఏ చూస్తే ఒక్కో దీవిలో ఒక్కో వంశం. 2019లో ఆ ఒక్క పేరు కిందే దాక్కున్న ఏడు కొత్త జాతులను వర్ణించారు. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. లిజియా నీటిలో మునగదు, పూర్తిగా నేల మీదికీ పోదు, ఇసుక తీరం అడ్డొస్తే దాటదు. నాచును పట్టుకుని ఉండే పార్హయేల్ బతుకు వేరు. అంటే ఒకే దీవిలో ఒక ఐసోపాడ్ సొంత జాతులుగా చీలిపోతుంది, పక్కనే ఉన్న ఆంఫిపాడ్ ప్రపంచమంతా ఒకే పేరుతో తిరుగుతుంది. 'ఒకే పేరుతో' అన్నమాట గమనించండి. పార్హయేల్ పేరు కింద కూడా ఎన్ని దాగున్నాయో తవ్వి చూడవలసిందే. ప్రపంచవ్యాప్తం అని రాసి ఉన్న ప్రతి చిన్న క్రస్టేషియన్‌నూ నేను అనుమానంగానే చూస్తాను.

ఇంకా విచిత్రమైనవి సముద్రానికి లోలోపల కలిసి ఉండే లావా గుంటల్లోని రొయ్యలు. ప్రోకారిస్ అనే ప్రజాతి అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవిలో, బెర్ముడాలో, పసిఫిక్‌లోని హవాయిలో ఉంది. అసెన్షన్ సుమారు పది లక్షల ఏళ్ల కుర్ర దీవి. ఈ రొయ్యలది చాలా పాత గుంపు; అది అంత చిన్న వయసు దీవిలోకి ఎలా వచ్చిందని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

లక్షద్వీప్ దగ్గరికి రండి. అండమాన్ దీవులు మయన్మార్ కొండల వరసకు కొనసాగింపు. లక్షద్వీప్ అలా కాదు, సముద్రం అడుగున ఉన్న పొడవాటి గట్టు మీద పగడాలు కట్టుకున్న అటాల్‌లు, అంటే ఉంగరంలాంటి పగడపు దీవులు. నేల మొత్తం కలిపి 32 చదరపు కిలోమీటర్లే, జనం ఉన్న దీవులు పది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కింద ఉంది. అంటే మీ నాచు తీసిన లగూన్ అప్పుడు ఎండిన సున్నపురాతి దిబ్బ. లోతు తక్కువ లగూన్‌లో ఉన్న జీవజాలమంతా ఆ తర్వాత నీటితో పాటు వచ్చి చేరిందే. బయటి రీఫ్ వాలుల్లో పాతవి మిగిలి ఉండొచ్చు. కానీ లగూన్ నాచులో ఈ దీవికే సొంతమైన జాతి అనడానికి సమయం చాలా తక్కువ. అనే ముందు పదిసార్లు ఆలోచించాలి.

మ్యాప్ మీద చుక్కలు ఎలా పడ్డాయో కూడా తెలియాలి. మాల్దీవులు, లక్షద్వీప్ జీవజాలం మీద స్టాన్లీ గార్డినర్ 1899–1900లో చేసిన యాత్ర నివేదికల్లో ఆంఫిపాడ్‌ల భాగం 1905లో వాకర్ రాశాడు. గార్డినర్ మినికాయ్‌లో పని చేశాడు కాబట్టి మినికాయ్ మీద చుక్కలు ఎక్కువ. జువాలజికల్ సర్వే డైరెక్టర్‌గా చేసిన సేమూర్ సెవెల్ 1933–34లో మబాహిస్ ఓడ మీద జాన్ మర్రే యాత్ర నడిపి, కోపెపాడ్‌ల పంపిణీ మీద 1948లో ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. మద్రాసు తీరపు ఆంఫిపాడ్‌ల మీద నాగప్పన్ నాయర్ రాసింది 1959లో మన ఎగ్మోర్ మ్యూజియం బులెటిన్‌లోనే వచ్చింది. దాన్ని వెతికి చదవండి, మీకు మొదటి పోలిక అక్కడే దొరుకుతుంది. మనవాళ్ల మాటా చెప్పాలి. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి పి.ఎన్. గణపతి గారు, జి. చంద్రశేఖరరావు గారు 1960ల్లో ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల మీద పని మొదలుపెట్టారు. రావు గారు తర్వాత అండమాన్, లక్షద్వీప్ ఇసుకలు కూడా జల్లించారు. మన దీవుల మ్యాప్‌లో ఇసుక జీవుల చుక్కలు అలా పడ్డవే. ఎవరూ వెళ్లని దీవి మీద చుక్క లేదంటే అక్కడ జీవి లేదని కాదు, జల్లెడ పోలేదని.

కాబట్టి 'ఫస్ట్ రికార్డ్' గురించి నా సలహా ఇది. ముందు పోలికకు ఇక్కడివి పోగుచేయండి. మహాబలిపురం రాళ్ల మీద, కోవళం దగ్గర, పోటు తీసినప్పుడు ఆకుపచ్చ ఉల్వా నాచు దులపండి. చెన్నై చేపల రేవు కాసిమేడులో ఒడ్డుకు లాగిన పడవ అడుగున గీకిన పాచి అడిగి తెచ్చుకోండి. పొద్దున్నే వెళ్లి, ఎందుకో చెప్పి అడిగితే నన్నెప్పుడూ ఎవరూ కాదనలేదు. ఆ మూడింటిలో మీ లక్షద్వీప్ జీవి ఎక్కడ కనబడిందో చూశాక మాట్లాడుకుందాం. శాంథోమ్‌లో జువాలజికల్ సర్వే వాళ్ల మెరైన్ కేంద్రం ఉంది. గైడ్ ద్వారా ఉత్తరం రాసి, అక్కడి నమూనాలతో పోల్చుకునే అవకాశం అడగండి. మళ్లీ లక్షద్వీప్ వెళ్లాలంటే ప్రవేశ అనుమతి కావాలి. నాచు మాత్రమే తీసుకోండి, పగడం ముక్క విరవకండి. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

డీఎన్ఏ చేయిస్తామంటే, సీసాలో ఉన్నది ఫార్మలినా, ఆల్కహాలా అని ముందు అడగండి. ఫార్మలిన్‌లో ఉంచినవాటి నుంచి డీఎన్ఏ రాబట్టడం చాలా కష్టం. కొత్తగా తెచ్చేవి 95 శాతం ఇథనాల్‌లో వేయండి, మర్నాడు ఒకసారి ఇథనాల్ మార్చండి. సీక్వెన్స్ వచ్చాక ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఏ పేరుతో కలిసిందో గుడ్డిగా నమ్మకండి. అక్కడ ఆ పేరు పెట్టినవారూ మీలాగే ఏ కీ పట్టుకునో పెట్టి ఉంటారు.

ఇక లేబుళ్లు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మూడు ఊళ్ల నమూనాలు ఆరు సీసాల్లో పెట్టి, బాల్‌పెన్‌తో రాసిన చీటీలు లోపల వేశాను. మే నెలలో ల్యాబ్ తెరిచి చూస్తే ఆల్కహాల్ నీలంగా మారింది, చీటీలు తెల్లగా ఉన్నాయి. జీవులు చక్కగా ఉన్నాయి, ఏది ఏ ఊరిదో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఆరు సీసాలూ పారబోయాల్సి వచ్చింది. మీ పద్నాలుగు సీసాలనూ ఈ రాత్రే తెరవండి. ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో దీవి, చోటు, తేదీ, లోతు, ఏ నాచు, ఎవరు తీశారు అన్నవి రాసి ఒక్కోదాంట్లో ఒకటి వేయండి. తర్వాత ఒక పెద్ద మగ పార్హయేల్ మూడో యూరోపాడ్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. లోపలి కొమ్మ కనబడేలా, కింద స్కేల్ బార్‌తో.